రాజు బొమ్మ లేని బంగారు నాణేలు

అందరికీ నమస్కారం.

1795లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో తయారైన పది డాలర్ల బంగారు నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూస్తే, దాని విలువ పది డాలర్లని ఎక్కడా కనిపించదు. బొమ్మ వైపు టోపీ పెట్టుకున్న స్త్రీ, 'లిబర్టీ' అన్న మాట, నక్షత్రాలు, సంవత్సరం. బొరుసు వైపు గద్ద, దేశం పేరు. అంతే. రాయడం మరిచిపోయారని అనుకోకండి. 270 గ్రెయిన్లు, అంటే సుమారు పదిహేడున్నర గ్రాముల 22 క్యారెట్ల బంగారం అది. దాని విలువ ఆ బరువులోనే ఉంది, వర్తకుడు తూచి తీసుకునేవాడు.

ఈ నాణేల మీద ఏ ఏడాది ఏ బొమ్మ ఉందో కేటలాగులు చక్కగా చెబుతాయి. ఎందుకు మారిందో అంతగా చెప్పవు. 1795 నుంచి 1834 దాకా జరిగిన మార్పుల్లో చెక్కేవాడి ఇష్టంతో వచ్చినవి తక్కువని నా అభిప్రాయం. వాటి వెనక చట్టసభలో గొడవైనా ఉంటుంది, యూరప్‌లో బంగారం ధరైనా ఉంటుంది.

గొడవతోనే మొదలుపెడతాను. 1792లో చట్టసభలోని ఎగువ సభ సెనేట్ పంపిన నాణేల బిల్లులో అధ్యక్షుడి తల బొమ్మ వేయాలని ఉంది. అప్పటి అధ్యక్షుడు వాషింగ్టన్. ప్రతినిధుల సభ ససేమిరా అంది. పాలకుడి ముఖం నాణెం మీద వేయడం రాజుల అలవాటు, ఇంగ్లండు రాజుతో యుద్ధం ముగిసి పట్టుమని పదేళ్లు కాలేదు. చివరికి ఏప్రిల్ 2న వచ్చిన చట్టం స్వేచ్ఛకు గుర్తుగా ఒక బొమ్మ, బంగారం, వెండి నాణేల వెనక గద్ద ఉండాలంది. ఆ స్వేచ్ఛ రూపం ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు.

చట్టం వచ్చినా బంగారు నాణేలు రావడానికి మూడేళ్లు పట్టింది. టంకశాలలో ముఖ్య అధికారులు ఒక్కొక్కరు పది వేల డాలర్ల పూచీకత్తు ఇస్తేగానీ బంగారం, వెండి ముట్టుకోకూడదని నిబంధన. అంత డబ్బు వాళ్ల దగ్గర ఎక్కడిది? 1794లో కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, ఆ మొత్తాన్ని తగ్గించాక వెండి పని మొదలైంది. 1795 జులై 31న 744 అయిదు డాలర్ల నాణేలు బయటికొచ్చాయి. అమెరికా టంకశాల ఇచ్చిన మొదటి బంగారం అదే. వీటిని హాఫ్ ఈగిల్ అంటారు. పది డాలర్లది ఈగిల్, రెండున్నరది క్వార్టర్ ఈగిల్.

వీటిని చెక్కింది రాబర్ట్ స్కాట్. స్కాట్లండ్ నుంచి వచ్చినవాడు, రాగి పలకల మీద గీతలు చెక్కడంలో చేయి తిరిగినవాడు. ఆ అలవాటు నాణెంలో కనిపిస్తుంది: జుట్టులో గీతలు బాగుంటాయి, ముఖం కాస్త చప్పగా ఉంటుంది. ఆ టోపీని చూసి పాత కలెక్టర్లు 'టర్బన్ హెడ్', అంటే తలపాగా తల, అన్నారు, ఆ పేరు ఇంకా వాడుకలో ఉంది. బొరుసు వైపు గద్ద మాత్రం నాకు చాలా ఇష్టం. తాటి మట్ట మీద నిలబడి, ముక్కున ఆకుల దండ పట్టుకుని ఉంటుంది. ప్రాచీన రోమన్ రాతి చెక్కడం ఒకటి దీనికి ఆధారమని చెబుతారు. 1795 ఈగిల్ దొరికితే ఆ మట్టకు ఆకులు లెక్కపెట్టండి. మామూలుగా పదమూడు ఉంటాయి. తొమ్మిదే ఉన్న రకం చాలా అరుదు.

ఈ చిన్న గద్ద ఎక్కువ కాలం లేదు. సన్నగా, బక్కగా ఉందని విమర్శలు వచ్చాయి. 1796లో క్వార్టర్ ఈగిల్‌తో మొదలై, రెండేళ్లలో మూడు నాణేల మీదకూ ప్రభుత్వ ముద్రలోని గద్ద వచ్చేసింది: ఛాతీ మీద డాలు, ఒక కాలిలో బాణాలు, ఇంకో కాలిలో ఆలివ్ కొమ్మ. నన్నడిగితే ఇది ఆఫీసు స్టాంపులా ఉంటుంది. ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. అసలు ముద్రలో గద్ద కుడి కాలిలో ఆలివ్ కొమ్మ ఉంటుంది, ఎందుకంటే గౌరవస్థానం శాంతిదే. నాణెంలో కుడి కాలిలో బాణాలు ఉన్నాయి. కయ్యానికి కాలు దువ్వే సందేశమని కొందరు, స్కాట్ పొరపాటని ఇంకొందరు అంటారు. పొరపాటనే నేను అనుకుంటాను.

నక్షత్రాల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1795లో రాష్ట్రాలు పదిహేను, నక్షత్రాలూ పదిహేనే. 1796 జూన్‌లో టెనెస్సీ చేరింది, పదహారో నక్షత్రం వచ్చింది. ఇలా ప్రతి రాష్ట్రానికీ ఒకటి పెడుతూ పోతే చోటెక్కడ? మళ్లీ మొదటి పదమూడు రాష్ట్రాల లెక్కకే వెనక్కి వెళ్లారు. ఆ పదమూడునీ ఎలా పంచాలో కూడా స్థిరం లేదు. 1798 ఈగిళ్లలో ఒక రకంలో ఎడమ తొమ్మిది, కుడి నాలుగు. ఇంకో రకంలో ఏడు, ఆరు. నక్షత్రాలు, అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటిగా చేత్తో అచ్చులోకి కొట్టేవారు కాబట్టి ఏ రెండు అచ్చులూ ఒకేలా ఉండవు. పాత అచ్చును పారేయడం ఇష్టం లేక దాని మీది పాత సంవత్సరం పైనే కొత్తది కొట్టి వేసిన నాణేలూ ఉన్నాయి. 1796లో మొదట వచ్చిన క్వార్టర్ ఈగిళ్ల బొమ్మ వైపు అసలు నక్షత్రాలే లేవు. అవి 963 మాత్రమే.

1807లో నాణేలు చెక్కడానికి జాన్ రైక్ వచ్చాడు. జర్మనీ నుంచి వచ్చి, ఓడ ఖర్చు తీర్చడానికి వెట్టి ఒప్పందంలో పనిచేసినవాడు. లిబర్టీని ఎడమవైపు తిప్పి, ముఖాన్ని నిండుగా చేశాడు. విలువ కూడా ఇతని నాణేల మీదే మొదటిసారి కనిపిస్తుంది: హాఫ్ ఈగిల్ మీద 5 డి., అంటే అయిదు డాలర్లు. పదమూడో నక్షత్రం మొనలో చిన్న గాటు పెట్టి వదిలేవాడు. అది అతని సంతకమని కలెక్టర్ల నమ్మకం. భూతద్దం పెడితే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషాదం. చట్టం ఒక పాలు బంగారానికి పదిహేను పాళ్ల వెండి అని లెక్క కట్టింది. యూరప్‌లో బంగారానికి అంతకంటే ఎక్కువ వెండి వచ్చేది. దాంతో నాణెం బయటికి రావడం ఆలస్యం, ఓడెక్కి పోయేది, అక్కడ కరిగిపోయేది. 1804 తర్వాత ఈగిళ్లు కొట్టడమే మానేశారు, 1838 దాకా మళ్లీ రాలేదు. రికార్డుల ప్రకారం 1822లో 17,796 హాఫ్ ఈగిళ్లు కొట్టారు. ఇప్పుడు తెలిసినవి మూడు. రెండు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి, మూడోది 2021లో 84 లక్షల డాలర్లకు వేలంలో పోయింది.

1834లో కాంగ్రెస్ హాఫ్ ఈగిల్ బరువును 135 నుంచి 129 గ్రెయిన్లకు తగ్గించింది, అందులో బంగారం పాళ్లనూ కాస్త తగ్గించింది. పాతదాంట్లో కొత్త లెక్కన సుమారు అయిదు డాలర్ల ముప్ఫై మూడు సెంట్ల బంగారం ఉంది. చూడగానే తేడా తెలియాలి కదా! అందుకే అప్పటి చెక్కేవాడు విలియం నీస్ లిబర్టీ టోపీ తీసేసి తలకు పట్టీ కట్టాడు. గద్ద పైనున్న లాటిన్ నినాదాన్ని కూడా తొలగించారు. దీన్ని క్లాసిక్ హెడ్ అంటారు. అందంలో వెనకబడిందే, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కొనగలిగేది ఇదే.

కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. తొలినాళ్ల నాణేల మీద సమాంతరంగా ఆకురాయి గీతలు కనిపిస్తే భయపడక్కర్లేదు. బరువు ఎక్కువైన బిళ్లలను ముద్ర వేయకముందే టంకశాలలో అరగదీసేవారు. అంచు దగ్గర అతుకు పెట్టి తీసేసిన మచ్చ ఉంటే మాత్రం జాగ్రత్త. మన కాసులపేరులో లాగే అక్కడా బంగారు నాణేలకు కొక్కెం అతికించి మెడలో వేసుకున్నారు. అలాంటిదాని ధర బాగా పడిపోతుంది, అమ్మేవాడు ఆ మాట ముందుగా చెప్పకపోవచ్చు. అంచును పక్కనుంచి వెలుగులో పట్టి చూడండి.