పిల్లలు అదే పదిమంది, గ్రాడ్యుయేషన్ రేటు మాత్రం వేరు!

నమస్తే అండి. అమెరికాలో పిల్లలకి ఐఈపీ, అంటే వైకల్యం ఉన్న పిల్లల కోసం బడి తయారుచేసే స్పెషల్ ఎడ్ (ప్రత్యేక విద్య) ప్రణాళిక, ఉన్న మన తెలుగువాళ్లు అడుగుతుంటారు: "మా డిస్ట్రిక్ట్‌లో స్పెషల్ ఎడ్ పిల్లలు ఎంత శాతం హైస్కూల్ పూర్తిచేస్తున్నారు?" మీరు ఏ రిపోర్టు తెరిచారన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఎక్సెల్‌లో వేసి చూద్దాం.

ఇదిగో, పది వరసలు, పదిమంది పిల్లలు. నేను కల్పించినవాళ్లే లెండి. అందరూ ఒకే ఏడాది తొమ్మిదో తరగతిలో చేరారు, అందరికీ ఐఈపీ ఉంది. నాలుగేళ్లు గడిచాయి. ఆకుపచ్చ గడులు ఆరు, వీళ్లకి రెగ్యులర్ డిప్లొమా వచ్చింది. పసుపు ఒకటి, డిప్లొమా కాదు, బడి పూర్తిచేశాడన్న సర్టిఫికెట్ మాత్రమే. ఎరుపు ఒకటి, మధ్యలో మానేశాడు. తెల్లగా ఉన్న ఇద్దరూ ఇంకా చదువుతున్నారు.

పదిలో ఆరు, 60 శాతం. ఇది ఏసీజీఆర్, అంటే అడ్జస్టెడ్ కోహార్ట్ గ్రాడ్యుయేషన్ రేట్: కలిసి తొమ్మిదిలో చేరినవాళ్లలో నాలుగేళ్లలో రెగ్యులర్ డిప్లొమా తెచ్చుకున్నవాళ్ల శాతం. 2018-19లో ఈ లెక్కన దేశం మొత్తం మీద పిల్లలందరికీ 86 శాతం, వైకల్యం ఉన్నవాళ్లకి 68.

ఇక ఐడియా కింద, అంటే వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న కేంద్ర చట్టం కింద, రాష్ట్రాలు పంపే 'ఎగ్జిటింగ్' లెక్క. ఇందులో ఆ ఏడాది స్పెషల్ ఎడ్ వదిలి వెళ్లినవాళ్లే హారంలో ఉంటారు. తెల్ల గడులు రెండూ తీసేస్తున్నాను. ఎనిమిదిలో ఆరు. 75 శాతం! పిల్లలు మాత్రం వాళ్లే.

ఆ తెల్ల గడుల దగ్గర కాస్త ఆగుదాం. రెగ్యులర్ డిప్లొమా చేతికొస్తే ఐడియా కింద ఉన్న స్పెషల్ ఎడ్ హక్కు అక్కడితో ఆగిపోతుంది. అందుకని కొందరు తల్లిదండ్రులు డిప్లొమా తీసుకోకుండా కావాలనే ఆగుతారు. సొంతంగా సిటీ బస్సెక్కడం, ఉద్యోగంలో కుదురుకోవడం, ఇవన్నీ 21 ఏళ్లదాకా బడిలోనే నేర్పిస్తారు కదా అని. నాలుగేళ్ల లెక్కలో మాత్రం వాళ్లు పూర్తిచేయనివాళ్ల కిందే జమ. నాకిది అన్యాయం అనిపిస్తుంది. ఐదో ఏట వాళ్లలో ఒకరికి డిప్లొమా వచ్చిందనుకోండి, గడి పచ్చగా మారుస్తున్నా, 70 అయింది. మీ రాష్ట్రం ఐదేళ్ల రేటు ఇస్తే అదీ చూడండి.

పసుపు గడి పిల్లాడు కూడా చాలాచోట్ల అదే గౌనులో స్టేజి ఎక్కుతాడు, ఫొటోలో తేడా తెలీదు. ఏసీజీఆర్‌లో మాత్రం అతను గ్రాడ్యుయేట్ కాదు. మీవాడికి వచ్చేది ఏ కాగితమో తొమ్మిదో తరగతి ఐఈపీ మీటింగ్‌లోనే అడగండి, పన్నెండులో కాదు.

ఇంకొక్క మెలిక. ఆకుపచ్చ ఆరుగురిలో ఒకమ్మాయి పదో తరగతిలోనే ఐఈపీ నుంచి బయటికొచ్చేసిందనుకుందాం. ఆమెని ఈ గుంపులో ఉంచితే అదే 60. తీసేస్తే తొమ్మిదిలో ఐదు, దాదాపు 56. అందుకే మీ రాష్ట్రం రిపోర్ట్ కార్డులో వైకల్యం ఉన్న విద్యార్థుల వరస దొరకగానే, పక్కనున్న అంకె కన్నా ముందు, ఎవరిని లెక్కలోకి తీసుకున్నారో తెలియడానికి, అడుగున చిన్నక్షరాల్లో ఉన్న నోట్ చదవండి.

ఈ షీట్ లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. రంగులు మార్చి చూడండి.