రొయ్యల గుంట మీటర్ రాత్రి ఎందుకు ఆగుతోంది? వైర్‌షార్క్ సోర్స్ బిల్డ్ రివ్యూ

అందరికీ నమస్కారం. కావలి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు వైర్‌షార్క్ రివ్యూ. నెట్‌వర్క్‌లో పరికరాలు పంపుకునే డేటా ముక్కల్ని, అంటే ప్యాకెట్లని, పట్టి చూపించే ప్రోగ్రామ్ ఇది. ప్యాకేజీలో రెడీగా వచ్చేది కాదు, సోర్స్ కోడ్ నుంచి నేనే బిల్డ్ చేసుకున్నది.

అల్లూరు దగ్గర మా బావకి రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సోలార్ పెట్టె ఒకటి గట్టు మీద పెట్టించాడు. రీడింగ్ పడిపోతే ఫోన్‌కి అలర్ట్ రావాలి. పగలంతా బాగానే వస్తుంది, రాత్రి సగం రీడింగులు రావు. ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే కదండీ, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆడాల్సింది అప్పుడే! అమ్మినవాళ్లని అడిగితే "మీ దగ్గర సిగ్నల్ లేదు" అన్నారు. పాపం, రూటర్‌లో రెండు సిమ్‌లు మార్చాడు.

సిగ్నలా, ఇంకోటా అని తేల్చేది ప్యాకెట్లే. 1998లో జెరాల్డ్ కూంబ్స్ ఎథీరియల్ పేరుతో విడుదల చేసిన ప్రోగ్రామ్ ఇది, 2006లో వైర్‌షార్క్ అయింది. సోర్స్ గిట్‌ల్యాబ్ అనే కోడ్ సైట్‌లో ఉంది, ఉచితం.

ఇక బిల్డ్. ఉబుంటు వాడేవాళ్లు సోర్స్‌లో టూల్స్ ఫోల్డర్ చూడండి. డెబియన్ సెటప్ స్క్రిప్ట్ రన్ చేస్తే కావాల్సిన లైబ్రరీలన్నీ అదే దించుతుంది. బిల్డ్‌కి వేరే ఫోల్డర్ పెట్టుకుని, ముందు బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్, తర్వాత కంపైల్ చేయించే నింజా. నా లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీనే. నింజా అన్ని కోర్లూ ఒకేసారి వాడేసరికి మౌస్ కూడా కదల్లేదు. మీదీ అంతే అయితే నింజాకి జే రెండు అని ఇవ్వండి, ఒకేసారి రెండు పనులే చేస్తుంది, నిదానంగా అయినా పూర్తవుతుంది. మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ నింజా కొడితే ఆగిన చోటు నుంచే అందుకుంది. ఇది నాకు బాగా నచ్చింది.

ఒక జాగ్రత్త. వైర్‌షార్క్‌ని రూట్‌తో, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారాలతో, నడపకండి. ప్యాకెట్లు పట్టేది డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రామ్, అనుమతి దానికొక్కదానికే ఇవ్వండి.

పెట్టె ప్యాకెట్లు నా లాప్‌టాప్ గుండా వెళ్లాలని, సాయంత్రం షెడ్డులో రూటర్ తీసేసి, అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో లాప్‌టాప్ హాట్‌స్పాట్ పెట్టాను. పెట్టె దానికి కనెక్ట్ అయింది. రాత్రంతా డంప్‌క్యాప్ నడిచింది.

పొద్దున ఫైల్ తెరిచి, ఫిల్టర్‌లో ఎంక్యూటీటీ అని కొట్టాను. పెట్టె సర్వర్‌కి రీడింగులు పంపే పద్ధతి పేరు అది. స్క్రీన్ మీద ఈ కనెక్ట్ ప్యాకెట్, అంటే పెట్టె సర్వర్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు పంపేది, విప్పి చూడండి: కీప్ అలైవ్ 60. అంటే 60 సెకన్లకోసారైనా ఏదో ఒకటి పంపుతూ ఉంటానని పెట్టె సర్వర్‌కి మాటిచ్చింది. దానికి ఒకటిన్నర రెట్లు, 90 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే సర్వర్ కనెక్షన్ తెంపేస్తుంది, ఎంక్యూటీటీ రూల్ అదే. ఇప్పుడు టైమ్ కాలమ్ చూడండి. పగలు 30 సెకన్లకో రీడింగ్. రాత్రి బ్యాటరీ పొదుపు కోసం 120 సెకన్లకొకటి, మధ్యలో "నేనున్నాను" అని చెప్పే పింగ్ కూడా లేదు. సరిగ్గా 90 దగ్గర సర్వర్ నుంచి ఫిన్, అంటే కనెక్షన్ ముగించే ప్యాకెట్. తర్వాతి రీడింగ్ తెగిన కనెక్షన్ మీదికి వెళ్లి పోతోంది. ఆ పై రీడింగ్‌కి పెట్టె మళ్లీ కనెక్ట్ అవుతోంది. ఒకటి అందుతుంది, ఒకటి పోతుంది. సిగ్నల్ తప్పు ఇందులో ఎక్కడా లేదు.

ఇంతవరకే అయితే ప్యాకేజీ చాలు, సోర్స్ అక్కర్లేదు. నేను వైర్‌షార్క్ సోర్స్‌లో ఎంక్యూటీటీ ప్యాకెట్లని విప్పే ప్యాకెట్ ఎంక్యూటీటీ డాట్ సీ ఫైల్లో కొన్ని లైన్లు చేర్చాను: గ్యాప్ 90 దాటితే ఆ ప్యాకెట్ మీద హెచ్చరిక కనబడాలని. మళ్లీ బిల్డ్‌కి మార్చిన ఫైలే కంపైల్ అయింది, మిగతాదంతా లింక్ చేయడమే. కోడ్ ముట్టుకునే ఉద్దేశం ఉంటేనే ఈ శ్రమ పడండి. ఉంటే మాత్రం తప్పకుండా పడండి.

పట్టిన ఈ ప్యాకెట్ల ఫైల్ పంపాక అమ్మినవాళ్లు కీప్ అలైవ్ 300 చేశారు. నిన్న రాత్రి మళ్లీ పట్టాను. తెల్లారేదాకా ఒక్క ఫిన్ లేదు. నాలుగున్నరకి మా బావ ఫోన్ మోగింది, వెళ్లి ఏరియేటర్లు వేశాడు.