సెలూన్ కత్తితో ఇంట్లో షేవింగ్: ఆరు నెలలు వాడాక చెబుతున్నా

నమస్తే అండి. ఇదిగో, సెలూన్‌లో వాడే స్టీల్ కత్తి, బ్లేడు మార్చుకునే రకం. సానబట్టే పని లేదు, మామూలు రెండంచుల బ్లేడుని సగానికి విరిచి పెట్టుకోవడమే. ఆరు నెలలుగా దీంతోనే గీసుకుంటున్నాను, ఇంత నున్నగా నాకు ఏ రేజర్‌తోనూ రాలేదు.

బ్లేడుని కాగితంలో ఉండగానే నిలువునా వంచండి, టక్కున విరుగుతుంది. ముక్క పెట్టాక వెలుతురులో చూడండి, అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా సమానంగా బయటికి రావాలి. నా కత్తిలో లోపం ఇక్కడే ఉంది, బిగింపు కాస్త వదులు, ఒక మూల పొడుచుకొస్తుంది. మొదటి వారం గడ్డం కింద తెగింది ఆ మూలతోనే, రక్తం ఎంతకీ ఆగకపోతే చాలా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు రోజూ చూసుకుంటాను.

ఇక అసలు విషయం. ఈసారి సెలూన్‌కి వెళ్తే ఆయన కత్తిని కాకుండా రెండో చేతిని గమనించండి, చర్మాన్ని లాగి ఎలా పట్టుకుంటున్నారో. చర్మం డప్పులా బిగిస్తేనే కత్తి సాఫీగా నడుస్తుంది. నురగకి వేళ్లు జారుతుంటే తడి పటికని తాకండి, పట్టు దొరుకుతుంది. కత్తిని చెంపకి ఆనించి, అక్కడి నుంచి సుమారు 30 డిగ్రీలు లేపి, వెంట్రుక వాలిన వైపే, అంగుళం లోపు చిన్న చిన్నగా గీయండి. కత్తి బరువుండదు కదా, తెలియకుండానే నొక్కేస్తాం, దయచేసి నొక్కొద్దు. సన్నగా గరగరమంటే బాగా తెగుతోందని, పీకినట్టుంటే కోణం కుదరలేదని. అంచు వెంబడి పక్కకి మాత్రం అస్సలు జరపొద్దు, కూరగాయ తెగినట్టు తెగుతుంది.

మెడ మీద వెంట్రుకలు ఒక్కొక్కరికి ఒక్కో దిక్కుకి ఉంటాయి, ముందు రోజే వేలితో తడిమి చూసుకోండి. గొంతు బుడిపె మీద గీయకుండా, చర్మాన్ని పక్కకి లాగి చదునైన చోట గీయండి.

అయ్యాక చల్లనీళ్లతో కడిగి పటిక రుద్దితే, ఎక్కడ చురుక్కుమంటే అక్కడ నొక్కారన్నమాట. నాకు ఇప్పటికీ దవడ మూల దగ్గర మండుతుంది.

మొటిమలున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు దీని జోలికి రావద్దు. కొత్తవాళ్లు రెండు వారాలు చెంపల వరకే చేయండి, మిగతాదంతా పాత రేజర్‌తోనే. వాడిన ముక్కలు చెత్తబుట్టలో వేయకండి, చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగుతాయి. నేను ఈ పాత పౌడర్ డబ్బాలో వేస్తున్నాను, చూడండి, ఆరు నెలల ముక్కలు, ఇంకా సగం కూడా నిండలేదు.