ఆఫీసు ఈమెయిల్ లైసెన్సులు: ఎవరి పేరున ఎంత కడుతున్నాం?

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ వర్క్‌స్పేస్, జోహో మెయిల్ అనే మూడు సేవలను లైసెన్సు ఖర్చు వైపు నుంచి మాత్రమే పరిశీలిస్తున్నాను. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని ఒక సీహెచ్‌ఏ ఆఫీసులో, అంటే ఎగుమతి దిగుమతి సరుకులకు కస్టమ్స్ క్లియరెన్స్ చేయించే ఆఫీసులో, కంప్యూటర్ల పనంతా నేనే చూస్తాను. అక్కడ రెన్యువల్ బిల్లులు పట్టుకుని కూర్చున్న అనుభవంతోనే ఈ మాటలు చెబుతున్నాను.

ధరల పట్టికలో తలకు ఇంత అని కనిపించే అంకె గురించే అందరూ బేరమాడతారు గానీ, ఎన్ని తలలు లెక్కకు వస్తున్నాయన్నది చాలా ఆఫీసుల్లో ఎవరూ చూడరు. మేమూ చూడలేదు. ఇప్పుడు తెర మీద ఉన్నది మా మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్‌లోని యూజర్ల పట్టిక. పేర్లు కనబడకుండా మూసి ఉంచాను. నిరుటి వరకు ఇందులో 31 లైసెన్సులుండేవి, అన్నీ బిజినెస్ స్టాండర్డ్ రకానివే, అంటే ఎక్సెల్ లాంటివి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ప్లాన్. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదువుకుంటూ వెళితే, వాటిలో నాలుగు మనుషులవే కావని తేలింది: ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్, డాక్స్, అకౌంట్స్ అనే విభాగాల చిరునామాలు. మరో మూడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవారివి. ఇక తొమ్మిది మంది రోజంతా పోర్టు గేటు దగ్గరా, కంటైనర్ల సరుకు ఉంచే సీఎఫ్‌ఎస్ యార్డుల్లోనూ తిరిగే కుర్రాళ్లు; వాళ్లు షిప్పింగ్ బిల్లు కాపీ వచ్చిందా లేదా అని ఫోనులో చూసుకుంటారే తప్ప, కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరవాల్సిన అవసరం వాళ్లకు ఎన్నడూ రాలేదు.

విభాగాల చిరునామాలకు మైక్రోసాఫ్ట్‌లో షేర్డ్ మెయిల్‌బాక్సు అనే ఏర్పాటు ఉంది. దాన్ని తెరిచే మనిషికి సొంత లైసెన్సు ఉంటే చాలు, 50 జీబీ వరకు ఆ పెట్టెకు విడిగా లైసెన్సు అక్కర్లేదు. మానేసినవారి మెయిల్‌ను కూడా ఇలాగే మార్చి, లాగిన్ ఆపేసి, ఆ తర్వాతే లైసెన్సు తీయాలి. ఈ వరుస తప్పవద్దని మరీ మరీ కోరుతున్నాను, ఎందుకంటే మార్చకుండా లైసెన్సు తీసేస్తే 30 రోజుల తర్వాత ఆ మెయిళ్లు చెరిగిపోతాయి; రెండేళ్ల కిందటి బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో ఎక్కిన సరుకు రసీదు) కోసం కస్టమ్స్ నుంచి ప్రశ్న వచ్చిన రోజున వాటి విలువ తెలుస్తుంది. గూగుల్‌లో ఈ పనికి గ్రూపులున్నాయి, పైగా ఒక్కో యూజర్‌కు 30 వరకు మారు చిరునామాలు అదనపు రుసుము లేకుండా పెట్టుకోవచ్చు.

ఇక లెక్క. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ ధరలు మార్చినప్పుడు మెయిలూ, బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్ లాంటివీ మాత్రమే ఇచ్చే బేసిక్ ప్లాన్ తలకు నెలకు 5 డాలర్ల నుంచి 6 డాలర్లకు పెరిగింది, స్టాండర్డ్ 12.50 డాలర్ల దగ్గరే ఆగింది. మనకు బిల్లు రూపాయల్లో వస్తుంది, ధరలూ మారుతుంటాయి కాబట్టి ఈ అంకెలను పోలిక కోసమే తీసుకోండి. 31 స్టాండర్డ్ లైసెన్సులకు నెలకు 387.50 డాలర్లవుతుంది. విభాగాలవీ మానేసినవారివీ కలిపి ఏడు తీసేసి, పోర్టు కుర్రాళ్లు తొమ్మిది మందిని బేసిక్‌కు మారిస్తే, 15 స్టాండర్డ్, 9 బేసిక్‌కు 241.50 డాలర్లే. దీని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు సరిగా పడితే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా తీసుకోవచ్చు, టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న వ్యాపారులకు మాత్రం అది నికరమైన ఖర్చే.

స్టాండర్డ్‌లో ఉన్న ఆ 15 మందిని మాత్రం నేను కదపలేదు. మా డాక్యుమెంటేషన్ షీట్లలో మ్యాక్రోలు, అంటే పనిని వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి, బ్రౌజర్‌లోని ఎక్సెల్ వాటిని నడపదు. అటువంటి బెడద లేని కొత్త సంస్థ అయితే, ఐదుగురి వరకు సొంత డొమైన్‌తో ఉచితంగా ఇచ్చే జోహోతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఆ ఉచిత ప్లాన్‌లో ఐమ్యాప్ (మెయిల్‌ను వేరే యాప్‌లలో తెరిచే పద్ధతి) లేనందున అవుట్‌లుక్‌లో మెయిల్ తెరుచుకోదని ముందే తెలుసుకోండి. గూగుల్ 2025 జనవరిలో తన ఏఐ అయిన జెమినీని బిజినెస్ ప్లాన్లలో కలిపి ధరలు పెంచింది, కాబట్టి ఆ ఏఐని వాడని ఆఫీసు కూడా దానికి కడుతున్నట్టే.

సొంత సర్వర్ పెట్టుకుంటే ఈ లైసెన్సుల గోలే ఉండదు కదా అని కొందరు అడుగుతారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపింది. ఆఫీసు గదిలో సర్వర్ పెట్టే ముందు ఆ రోజులను ఒకసారి గుర్తుచేసుకోండి.

చివరిగా గడువు సంగతి. మైక్రోసాఫ్ట్‌లో ఏడాది ఒప్పందం రెన్యువల్ అయ్యాక లైసెన్సులు తగ్గించుకోవడానికి ఏడు రోజులే వ్యవధి ఉంటుంది. ఆ తర్వాత పెంచుకోవచ్చు గానీ, ఏడాది పూర్తయ్యే దాకా తగ్గించుకోలేం. నెలవారీ ఒప్పందంలో ఆ కట్టుబాటు లేదు, కానీ ధర సుమారు 20 శాతం ఎక్కువ. అందుకే సీజన్‌కు తీసుకునే ఇద్దరు ముగ్గురికి మేము నెలవారీగా, మిగతా అందరికీ ఏడాదికి కడుతున్నాం. రెన్యువల్‌కు పదిహేను రోజుల ముందు మా హాజరు పట్టీని, ఈ యూజర్ల పట్టికను పక్కపక్కన పెట్టుకుని, అకౌంటెంటు గారు ఒక్కో పేరు చదువుతుంటే నేను టిక్కు పెడతాను. టిక్కు పడని వరుసల లైసెన్సులను రెన్యువల్‌లో తగ్గించమని, వాటిని మాకు అమ్మే రీసెల్లర్‌కు ఆ సాయంత్రమే మెయిల్ వెళుతుంది.