మచిలీపట్నం పువ్వు, లండన్‌లో గొడవ

హోస్ట్: అక్కా, మీ చీర మీద ఈ తీగ, పువ్వు పెడన అద్దకమేనా?

అతిథి: పెడనదే, మచిలీపట్నం పక్కనే. కానీ ఇది మన పెరట్లో పూసిన పువ్వనుకోకు. ఇలాంటివి చాలావరకు బేరంలో పుట్టినవే. 1643లో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ మనుషులకు ఉత్తరం రాశారు. ఎర్ర నేల దుప్పట్లు ఇక్కడ అంతగా పోవడం లేదు, నేల తెల్లగా ఉంచి మధ్యలో పూలకొమ్మలు వేయించండి అని.

హోస్ట్: మరి మనమేమో అనాదిగా వస్తున్న డిజైన్ అంటూ మురిసిపోతాం!

అతిథి: మురిసిపోవాల్సింది రంగు చూసి తమ్ముడూ. బట్టని కరక్కాయ, పాలలో తడిపి ఆరబెడతారు. నలుపుకి బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెడతారు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు ఏమీ కనపడదు. చిరివేరు, అంటే ఎర్ర రంగునిచ్చే వేరు, వేసి కాగులో ఉడికిస్తే, పటిక అంటిన చోటల్లా పువ్వు ఎర్రగా తేలుతుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. అప్పట్లో యూరప్‌లో నూలు మీద ఇలా రంగు నిలబెట్టడం ఎవరికీ రాదు.

హోస్ట్: అందుకే ఎగబడ్డారా?

అతిథి: ఎగబడ్డారు, అక్కడి నేతగాళ్ళ కడుపు మండింది. ఫ్రాన్స్ ఈ పూలబట్టని 1686లోనే నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో చట్టం చేసింది. అందులో ఒక తిరకాసు ఉంది. పూలబట్ట రాకూడదు గానీ తెల్లబట్ట రావచ్చు. దాంతో లండన్‌లోనే అద్దకం పని ఊపందుకుంది! 1719లో నేతగాళ్ళు వీధుల్లోకొచ్చి, పూలబట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ గౌన్లు చింపేశారు, సిరా పోశారు, యాసిడ్ కూడా.

హోస్ట్: ఆడవాళ్ళ మీదనా?

అతిథి: కంపెనీ వాటాదారుల జోలికి పోలేరు కదా. నాకైతే ఈ కథలో మింగుడుపడనిది అదే. పైగా 1721 చట్టం కూడా ఆడవాళ్ళ నెత్తినే పడింది. పూల నూలుబట్ట కట్టుకుంటే 5 పౌండ్ల జరిమానా. 1774 దాకా నడిచింది.

హోస్ట్: ఇంతకీ రంగు గుట్టు యూరప్ వాళ్ళకెలా తెలిసింది?

అతిథి: చాలామంది ఆరా తీశారు. బాగా చెప్పుకునేది కేర్దూ అనే ఫ్రెంచి పాదరీ గురించి. తెలుగు కూడా వచ్చు ఆయనకి. క్రైస్తవంలో చేరిన అద్దకంవాళ్ళని అడిగి, పని మొత్తం వరసగా 1742లో ఉత్తరం రాసి పంపాడు.

హోస్ట్: ఫ్రాన్స్‌లో నిషేధం ఉండగానే?

అతిథి: ఉండగానే! 1759లో గానీ ఎత్తెయ్యలేదు.

హోస్ట్: చెప్పినవాళ్ళకి ఏం ముట్టిందో?

అతిథి: వాళ్ళ గొడవ ఎవరికి పట్టింది? పుస్తకాల్లో పాదరీ పేరే కనపడుతుంది.