మూడు ముక్కల పాస్‌వర్డు

అందరికీ నమస్కారమండి. వేదిక మీద పెద్దల పేర్లు నేను మళ్లీ చదవను, ఇందాకే రెండుసార్లు అయ్యాయి. గ్రంథాలయ వార్షికోత్సవం కదా, కంప్యూటర్ భద్రత మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు గానీ నేను మా అమ్మ మంగళహారతుల గురించి చెబుతానండి, ఆయ్, రెండూ ఒకటే, వినండి.

అమ్మ పోయేముందు ఆవిడ పాడినవన్నీ రికార్డు చేసి, పొలం కాగితాలతో పాటు హార్డ్‌డిస్కులో పెట్టి ఎన్‌క్రిప్ట్ చేశా, అంటే పాస్‌వర్డు లేనిదే ఎవరూ చదవలేకుండా తాళం వేశా. పన్నెండక్షరాల పాస్‌వర్డు. మర్చిపోతానని నాలుగేసి అక్షరాలు చీటీల మీద రాసి ముగ్గురు స్నేహితులకిచ్చా, మహా తెలివైన పని చేశాననుకున్నా. అనుకున్నట్టే మర్చిపోయా. ఈలోగా 2022 జూలైలో గోదారి వచ్చింది కదా, లంకలో మావాడి ఇంట్లోకి నీళ్లొచ్చేశాయి. చీటీ పూతరేకుల డబ్బాలో దాచాడు. తెరిచి చూస్తే ఇంకు పాకిపోయి నీలం మరక, ఒక్కక్షరం లేదు. ఆ తడి కాయితం పట్టుకుని ఏడ్చాడండి వాడు, పాడిగేదె పోతే ఏడవనివాడు.

అన్నట్టు, మీ ఫోన్ లాకు ఇంట్లో ఇంకొకళ్లకి తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఇంతేనా? సరే.

మా అన్నయ్య మనవడు ఇంజినీరింగ్. "తాతయ్యా, పోయిన నాలుగూ ఇంగ్లీషు చిన్నక్షరాలేనా?" అన్నాడు, అవున్రా అన్నా. 26ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 4,56,976, అన్నీ వరసపెట్టి కంప్యూటర్ చేత కొట్టించాడు, మూడోరోజు పొద్దున్నే తెరుచుకుంది! గెంతేశానండి. సాయంత్రానికి భయం పట్టుకుంది. మిగతా ఇద్దరూ కలిస్తే నాకు తెలీకుండా ఇదే పని చేసుకోవచ్చుగా? మంచివాళ్లే, అది వేరే సంగతి.

పాస్‌వర్డు కోయడమే తప్పండి. అడి షమీర్ అని ఇజ్రాయెల్ ఆయన, ఆర్‌ఎస్‌ఏ అని పేరుపడ్డ ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉంది, అందులో ఎస్ ఆయనదే, 1979లోనే దారి చెప్పాడు. కొబ్బరి మొక్కలు వరసలో పెట్టడానికి రెండు గుంజలు పాతి తాడు లాగుతాం కదా, ఆ తాడు అలా పోయి ప్రహరీ గోడకి ఎక్కడ తగుల్తుందో అదే రహస్యం అనుకోండి. ఆ తాడు వెంబడే ఇంకా గుంజలు పాతి, స్నేహితుడికొకటి ఇవ్వండి. ఒక్క గుంజే ఉన్నవాడు తాడు ఎటైనా లాగొచ్చు, గోడ మీద ఏ చోటైనా కావచ్చు, వాడికి తెలిసింది సున్నా. రెండు గుంజలు కలిస్తే తాడుకి ఒక్కటే దారి. ముగ్గురు కలిస్తేనే తెరుచుకోవాలా? తిన్నటి తాడు బదులు వంపుగీత వేస్తారు. అయిదుగురికిచ్చి, ఏ ముగ్గురైనా చాలు అనొచ్చు, ఇద్దరి చీటీలు గోదాట్లో కలిసినా బెంగలేదు.

ఇప్పుడు నేను అలాగే ఇచ్చా. అమలాపురంలో ఒకరు, భీమవరంలో ఒకరు, హైదరాబాదులో ఇద్దరు. వాళ్లెవరో మా ఆవిడకి తెలుసు. అయిదోది లంకవాడికే, వద్దు మొర్రో అన్నా జేబులో కుక్కి వచ్చా.

చైర్మన్‌గారు వాచీ చూస్తున్నారు. ఒక్క నిమిషం బాబూ, మైకు ఈ ఫోన్ దగ్గర పెట్టు. నలభై సెకన్లే. చివర్లో అమ్మ "ఆపేశావా, ఇంకా తిరుగుతోందా?" అంటుంది, అక్కడిదాకా వినండి.