బుడితి ఇత్తడితో ఎయిర్ రైఫిల్‌కి కొత్త ఫ్రంట్ సైట్

అందరికీ నమస్కారం. నరసన్నపేట నుంచి మాట్లాడుతున్నాను. ఈ రైఫిల్ చూడండి. పాత త్రీ నాట్ త్రీ పోలికతో చేసిన ఎయిర్ రైఫిల్ ఇది. బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ల లోపే. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఈ హద్దులో ఉన్నవాటికి లైసెన్స్ అక్కర్లేదు. హద్దు దాటితే కావాలి, కొనేముందే చూసుకోండి.

ఫ్రంట్ సైట్ అంటే గురి చూడటానికి గొట్టం ముందు కొసన ఉండే చిన్న ముక్క. దీనితో వచ్చిన ప్లాస్టిక్‌ది గోడకి తగిలి విరిగింది. బదులుగా ఆన్‌లైన్‌లో తెప్పించింది గాడిలో వదులు. నాలుగు పెల్లెట్లు, అంటే దీని గుళ్లు, ఒకచోట, అయిదోది ఇంకెక్కడో. సైట్ కదిలే రైఫిల్‌తో ఎంత సాధన చేసినా గురి కుదరదండి.

అందుకే బుడితి వెళ్లాను. మన సారవకోట మండలం బుడితే, కంచు ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు. అక్కడ ఒక పెద్దాయన, “గోరంత ముక్కతో ఏటి సేస్తావు బాబూ?” అన్నారు. చెప్పాను. “అయితే కంచొద్దు నాయనా, పెళుసు, ఇరిగిపోద్ది. ఇత్తడట్టుకెళ్లు.” ఆ ఒక్క మాటతో నా పని సగం అయిపోయింది.

ఇక తయారీ. దగ్గరగా చూపిస్తాను. గొట్టం మీద గాడి అడుగున వెడల్పు, పైన ఇరుకు. దీన్నే డవ్‌టెయిల్ అంటారు. ముక్కోణపు ఆకురాయికి ఒక వైపు పళ్లు సానపట్టి నున్నగా చేసేశాను. ఆ నున్నటి వైపు అడుగుకి ఆనిస్తే పక్క వాలు మాత్రమే అరుగుతుంది, అడుగు తినదు. ముక్కకి మార్కర్ ఇంకు పూసి గాడిలో పెట్టి చూడాలి. ఇంకు ఎక్కడ చెరిగితే అక్కడే రెండు రుద్దులు. మళ్లీ ఇంకు, మళ్లీ చూడటం. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. వేలితో తోస్తే మూడో వంతు దూరి ఆగాలి, మిగతాది ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో కొట్టాలి. రైఫిల్‌లో పెల్లెట్ ఉండకూడదు, స్ప్రింగ్ ఎక్కించి ఉండకూడదు.

ఎత్తు మాత్రం కావాలనే ఎక్కువ ఉంచండి. అరగదీయగలం గానీ అతికించలేం కదా. సైట్ పొడుగ్గా ఉంటే పెల్లెట్ కిందకి పడుతుంది. నాకు 10 మీటర్ల దగ్గర 25 మిల్లీమీటర్లు కిందకి పడింది. ముందు సైట్‌కీ, కంటి దగ్గరుండే వెనక సైట్‌కీ మధ్య దూరం 600 మిల్లీమీటర్లు. 10 మీటర్లంటే 10,000 మిల్లీమీటర్లు. 25ని 600తో హెచ్చవేసి 10,000తో భాగిస్తే ఒకటిన్నర. అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు తగ్గించాలి. ఒక్కసారే తీయకండి, ఒక మిల్లీమీటరు తీసి, పేల్చి చూడండి. పెల్లెట్ కుడికి పడుతుంటే ఫ్రంట్ సైట్‌ని కూడా కుడికే జరపాలి. వెనక సైట్‌కైతే ఇది తిరగబడుతుంది.

కొట్టేది ఇసక బస్తా ముందు పెట్టిన కార్డునే. పిట్టల జోలికి వెళ్లొద్దు. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఎంతో దూరం నుంచి పక్షులు పిల్లల్ని చేసుకోవడానికి వస్తాయి, ఆ జిల్లా వాళ్లం మనం.

ఇత్తడితో ఒకటే ఇబ్బంది, మెరుపు. ఎండ ఏ పక్క పడితే ఆ పక్కకి కన్ను లాగేస్తుంది. హారతి కర్పూరం వెలిగించి, ఆ పొగ మీద సైట్‌ని క్షణం పట్టుకోండి. చూశారా, కాటుకలా నల్లగా పట్టేసింది. అంచు ఎంత తేటగా కనిపిస్తోందో. వేలు తగిలితే చెరిగిపోతుంది, మళ్లీ పట్టాలి.

ప్లాస్టిక్‌కీ దీనికీ పోలికే లేదు. చేతిలో ఆకురాయి, ఓపిక ఉన్నవాళ్లు కొనకండి, చేసుకోండి. ఇదిగో నిన్న సాయంత్రం కార్డు. 10 మీటర్లు, పది పెల్లెట్లు. రూపాయి బిళ్ల పెడుతున్నాను చూడండి, తొమ్మిది దాని కిందే ఉన్నాయి.